తాపీ పట్టిన ఆడమనిషి

మా అమ్మకు నడినెత్తిన జుట్టు లేదు. ఇనుప తట్టలు మోసి మోసి అక్కడి చర్మం మడమలాగా గట్టిపడిపోయింది. చుట్టూ మిగిలిన వెంట్రుకలను పైకి దువ్వి, పిన్నులు గుచ్చి, దాని మీద కొంగు కప్పుకుంటుంది. ఇంట్లో ఉన్నా ఆ కొంగు జారనివ్వదు. మా నాయన మాత్రం కోపం వచ్చినా, సరదా పుట్టినా ఆ కొంగే లాగేవాడు. "సూడండి, మీయమ్మ ఒలిసిన టెంకాయ" అని మమ్మల్ని పిలిచి చూపించేవాడు. మేం నవ్వాలి. నవ్వకపోతే మా వంతు వచ్చేది.

నాయన చిత్తూరులో మేస్త్రీ. అమ్మ ఆయన దగ్గరే కూలి. మా వైపు ఇది మామూలు సంగతే, మొగుడు తాపీ పట్టుకుంటాడు, పెళ్లాం తట్ట మోస్తుంది. ఒకే గోడకు ఇద్దరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒళ్లు హూనం చేసుకున్నా, గోడ కట్టింది ఆయన అంటారు. ఆమె అందించింది అంటారు. కూలి సగమే. ఆ సగాన్ని కూడా ఇంటి ఓనర్లు నాయన చేతికే ఇచ్చేవాళ్లు, అమ్మ అక్కడే నిలబడి ఉన్నా సరే.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఆదివారం అమ్మ వెంట పనికాడికి పోయాను. నాయన మిగతా మగవాళ్లతో కలిసి టీకి పోయాడు. బాత్రూం గోడలో ఒక మూల పూత పెట్టకుండా మిగిలిపోయింది. తట్టలో సిమెంటు మాలు గట్టిపడుతోంది. అమ్మ అటూ ఇటూ చూసి, నాయన తాపీ తీసుకుని, ఆ మూల పూసింది. పూస్తున్నంతసేపూ నాలుక బయటపెట్టి పెదవి మీద ఆనించుకుంది. అమ్మ అట్లా చిన్నపిల్లలాగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

నాయన తిరిగొచ్చాడు. అరవలేదు, కొట్టలేదు. ఒక చెక్కముక్క తీసుకుని ఆ పచ్చి పూతనంతా గీకి అమ్మ కాళ్ల మీద పడేశాడు. తాపీని నీళ్ల డ్రమ్ములో ముంచి కడిగాడు. ఆ ఇంటామెను అడిగి పసుపు తెప్పించి, తాపీకి రాసి, కుంకుమ బొట్టు పెట్టి కళ్లకద్దుకున్నాడు. "ఆడది ముట్టినాక గోడ యాడ నిలస్తాదప్పా" అని మిగతావాళ్లతో అన్నాడు. వాళ్లు విరగబడి నవ్వారు. పసుపు తెచ్చిచ్చిన ఇంటామె కూడా నవ్వింది. అమ్మ కాళ్ల మీది సిమెంటును చేతులతో తట్టలోకి ఎత్తి, నీళ్లు కలిపి, మళ్లీ ఆయనకే అందించింది. సిమెంటు వృథా చేస్తే దానికి వేరే తిట్లు ఉండేవి.

నాకు ఒళ్లు మండింది. ఆ మంట ఎవరి మీద చూపాలో తెలిసే వయసు కాదు. ఖాళీ తట్ట ఒకటి తీసి నెత్తిన పెట్టుకుని, అమ్మలాగా నడుం ఊపుకుంటూ ఇసుక కుప్ప చుట్టూ తిరిగాను. అమ్మ పరుగెత్తుకొచ్చి, ఎత్తు గోడల పనికి నిలబడే సారువ కర్రలు కట్టే తాడుతో వీపు మీద వాయించింది. "ఇంగోసారి నీ నెత్తిన తట్ట సూస్తినా, కాళ్లిరగ్గొట్టి మూల కూసోబెడతా" అంది. నాయన మీద చూపించాల్సిన కోపమంతా ఆ తాడులో ఉంది. ఆ వాతలు చాన్నాళ్లు మానలేదు.

అమ్మ పంతమే నన్ను చదివించింది. తిరుపతిలో శిల్పం నేర్చుకున్నాను. ఇప్పుడు చిత్తూరు చుట్టుపక్కల కొత్త ఇళ్లకు సిమెంటు సింహాలు, గజలక్ష్ములు, నెమళ్లు చేస్తాను. నా చేతిలోనూ తాపీ ఉంది, బొమ్మలకు పనికొచ్చే చిన్నది. నాయన దాన్ని చెంచా అంటాడు. అది నేను పట్టుకుంటే ఆయనకు అభ్యంతరం లేదు. బొమ్మలు చేయడం ఆయన లెక్కలో పని కాదు.

బంగారుపాళ్యం దాటాక హైవే పక్కన ఒక అమ్మాయిల కాలేజీ ఉంది. దాని కరస్పాండెంట్ ఇంటికి నేనే సింహాలు చేశాను. రెండేళ్ల కిందట ఆయన నన్ను పిలిపించి, మహిళా దినోత్సవానికి కాలేజీ గేటు దగ్గర ఒక విగ్రహం కావాలన్నాడు.

"ఈక్వాలిటీ మీద ఉండాలమ్మా. పాత బ్లాకు కట్టినప్పుడు మిగిలిన కమ్మీలు, మెష్, ఇటుక ముక్కలు వెనకాల పడున్నాయి. వాటితోనే చెయ్యి. కట్టడం సామాన్లతో సమానత్వం. కాన్సెప్ట్ బాగుంది కదా?"

కాన్సెప్ట్ ఏమోగాని, ఖర్చు లేకుండా పని అయిపోతుందని ఆయన ముఖంలోనే కనిపిస్తోంది. అయినా ఒప్పుకున్నాను. ఎవరి బొమ్మ చేయాలో నాకు అప్పుడే తెలుసు. ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. నిన్ను చేస్తానన్నాను, నెత్తిన తట్టతో, నడుం వరకు.

అమ్మ పప్పు తాలింపు పెడుతూ ఆగిపోయింది.

"తట్టెందుకు మే? ముప్పై ఏండ్లు మోసింది సాలదా? సచ్చినాక గూడా మొయ్యల్నా?"

"మరేం పెట్టమంటావు?"

"నెత్తిన ఏం పెట్టొద్దు. జుట్టు పెట్టు. బారుగా జడ ఎయ్యి. సేతిలో తాపీ పెట్టు." తాలింపు పప్పులోకి వంచి మళ్లీ అంది. "నీ చెంచా గాదు. పెద్దది."

అమ్మ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. చీర కావాలని కూడా ఎప్పుడూ అడిగిన మనిషి కాదు. తట్ట మాట వదిలేశాను.

నా షెడ్డులో కమ్మీలు వంచి అస్థిపంజరం కట్టాను, దాని మీద మెష్ చుట్టాను. తలకు మెష్ చాలకపోతే లోపల ఇటుక ముక్కలు కూరి, సిమెంటు నింపేశాను. అమ్మ పని లేని రోజుల్లో వచ్చి నిలబడేది. నిలబడటం చేతకాదు ఆమెకు. తట్ట లేకుండా ఊరికే నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడకు చేరబడిపోయేది. నేను విసుక్కుంటే, "నీకేం, నీడలో పని" అని ఎత్తిపొడిచేది.

జుట్టుకు బైండింగ్ వైరు వాడాను. కమ్మీలను కట్టడానికి వాడే ఆ నల్లటి సన్న తీగను పోగులు పోగులుగా తీసి, నడినెత్తి కనపడకుండా కప్పి, మూడు పాయలు చేసి నడుం దాకా జడ అల్లాను. అమ్మ రోజూ వచ్చి ఆ జడను చేత్తో పట్టుకుని చూసుకునేది. ఒకరోజు నేను లేననుకుని దానికి కనకాంబరాలు చుట్టింది.

తాపీ కూడా తనే తెచ్చింది. నేను కొత్తది కొంటానంటే వినలేదు. కొంగులో చుట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. చూడగానే గుర్తుపట్టాను. అది నాయనది. పిడికి పగులొస్తే రాగితీగ చుట్టి ఉంది. ఆ గోడ మూల పూసిన తాపీయే అది, పసుపు పూసుకున్న తాపీయే.

"నాయన ఎతుక్కుంటాడు కదమ్మా!"

"ఎతుక్కోనీ."

బొమ్మ చేతికి ఆఖరి పూత తను పెడతానంది. సరేనన్నాను. నిజం చెప్పాలంటే, ముప్పై ఏళ్లు పక్కనే ఉండి చూసిన మనిషి, నాకంటే బాగా పూస్తుందేమోనని ఆశపడ్డాను. అట్లాంటిదేమీ జరగలేదు. అమ్మ పూత పరమ అధ్వానంగా వచ్చింది. వేళ్లు గడ్డలు కట్టాయి, మణికట్టు దగ్గర మాలు జారిపోయింది. చూడటం వేరు, చెయ్యడం వేరు. ఆ చేతిని చెయ్యనిచ్చిన వాడెవడు? సరిచేస్తానని నేను ముందుకొస్తే అమ్మ చేతితో తోసేసింది.

"నా సెయ్యి నేను పూసుకున్నా. ముట్టుకోవాకు."

తడి గోనెసంచులు కప్పి రోజూ నీళ్లు పట్టింది. పనికి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. సిమెంటు గట్టిపడేలోగా నాయన ఇంట్లో తాపీ కోసం తిరగేయని మూల లేదు. ఇటుకల లారీవాడు కొట్టేశాడని తీర్మానించి, వాడి మీద తగాదాకు కూడా పోయాడు. అమ్మ ఆయనకు అన్నం వడ్డిస్తూ, "పాపిష్టోళ్లు, మంచి తాపీ" అని వంత పాడింది.

బొమ్మను కాలేజీ గేటు పక్కన ఇటుకల దిమ్మె మీద నిలబెట్టాం. తీగ తుప్పు పడుతుంది, పైన రంగు కొట్టాలి అని నేను చెప్పాను. కరస్పాండెంట్ వద్దన్నాడు. "నేచురల్‌గా ఉండాలమ్మా, అదే కదా కాన్సెప్ట్" అన్నాడు. రంగు ఖర్చు కాన్సెప్ట్‌లోకి రాదు.

మహిళా దినోత్సవం రోజు అమ్మ నీలం పాలియెస్టర్ చీర కట్టుకుని, కొంగు నెత్తి మీదికి లాక్కుని వచ్చింది. నాయన రాలేదు. "ఆడోళ్ల పండక్కి నేనెందుకు?" అన్నాడు. అమ్మాయిలంతా ఒకే రంగు చీరల్లో వరసగా నిలబడ్డారు. ముఖ్య అతిథి మగవాడు. వేదిక మీద మిగతావాళ్లూ మగవాళ్లే, జ్యోతి వెలిగించడానికి అగ్గిపుల్ల అందించిన మేడమ్ తప్ప. అతిథి ముసుగు తొలగించి, బొమ్మను ఎగాదిగా చూసి, మైకు అందుకున్నాడు.

"చూడండి, ఈ తల్లి చేతిలో అట్లకాడ! ఎంత చదువు చదివినా, ఎంత ఎత్తుకు ఎదిగినా వంటింటిని మరవని స్త్రీయే మన సమాజానికి పునాది. ఈ శిల్పి ఆ సందేశాన్ని ఎంత చక్కగా చెప్పారో!"

చప్పట్లు మోగిపోయాయి. నేను లేచి అది తాపీ అని అరవబోయాను. నన్ను వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, ఫోటోకు నవ్వమన్నారు. శాలువా కప్పించుకుని మాట్లాడేలోగా మైకు ఇంకొకరి చేతికి పోయింది. కిందికి దిగి చూస్తే అమ్మ కుర్చీలో లేదు. సభ అయిపోయిందని ఎవరో ఆమెను ఆయా అనుకుని, ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చమన్నారు. పేరుస్తోంది. బొమ్మలో ఉన్నది ఆమేనని అంతమందిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. జడ ఉంది కదా బొమ్మకు.

"అట్లకాడంట మే" అంది నన్ను చూసి, కుర్చీ కింద పెట్టకుండానే. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

మే నెలలో జల్లులు పడ్డాయి. నేను భయపడ్డట్టే జడ తుప్పు పట్టింది. నెత్తి మీది నుంచి ఎర్రటి నీళ్లు నుదుటి మీదుగా, కళ్ల మీదుగా, నోటి దాకా కారి చారలు కట్టాయి. సెలవులయ్యాక తిరిగొచ్చిన అమ్మాయిలు దానితో రీల్స్ చేశారు, దయ్యం పాటలు పెట్టి. తల్లిదండ్రులు గేటు దగ్గర ఇదేంటని అడిగారు. కరస్పాండెంట్ ఫోన్ చేసి తీసుకుపొమ్మన్నాడు. బండి చూసుకుని వస్తానన్నాను. మాటల్లో మాటగా, "మీ నాన్నగారు మేస్త్రీ కదా, హాస్టల్ కడుతున్నాం, ఒకసారి పంపు" అన్నాడు. పంపాను.

నాయన ముఠా హాస్టల్ పనిలో దిగింది. అమ్మ కూడా. గుజ్జు ఫ్యాక్టరీల ముందు మామిడికాయల లారీలు బారులు తీరిన రోజులవి, బండ్లన్నీ అటే పోయి నాకు ఒక్కటీ దొరకలేదు. దొరికిన రోజు పోయేసరికి గేటు పక్కన దిమ్మె ఖాళీగా ఉంది. తలెత్తి చూశాను. లేచిన మొదటి అంతస్తు మూల స్తంభానికి, రోడ్డు వైపు ముఖం పెట్టి, మా అమ్మను కట్టేశారు. మెడలో నల్లతాడు, మిరపకాయలు, నిమ్మకాయలు. బొగ్గుతో మీసాలు దిద్దారు. చేతిలో తాపీ అట్లాగే ఉంది.

నాయన సారువ మీది నుంచి నన్ను చూసి చేయి ఊపాడు. "దిష్టిబొమ్మ బాగుండాదా పాపా?"

"అది అమ్మ బొమ్మ నాయనా!"

"తెలీకేం? ఆ మూతి సూస్తేనే తెలస్తాండ్లా? తాపీ గూడా నాదే. దొంగముండ, మీయమ్మ." చుట్టూ ఉన్నవాళ్లు అప్పటికే నవ్వుతున్నారు. ఆయనకు ఇంకా హుషారొచ్చింది. "ఆడదాని సేతిలో తాపీ ఉంటే రోడ్డున పొయ్యే పతివోడూ దాన్నే సూసి నగతాడు. ఇంగ కట్టడం మీద యెవుడి కన్నూ పడదు. గుమ్మడికాయ కన్నా ఇదే మేలు. సారు గూడా సరే అన్నాడు."

నేను అక్కడికక్కడే దించమని గొంతు చించుకున్నాను. అమ్మ నెత్తిన తట్టతో వచ్చి, నా చేయి పట్టుకుని కంకర కుప్ప వెనక్కి లాక్కుపోయింది.

"గమ్మునుండు మే. దించితే యాడ పెడతారు? కసువు దిబ్బలో పారేస్తారు. ఆడనే ఉండనీ. ఎత్తుమీద ఉండాది, తాపీ సేతిలోనే ఉండాది. పైకి లాగేటప్పుడు కింద నేనే పట్టుకున్నా, మూతి పగలకుండా." మీసాల సంగతి నేను ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "పని అయిపోయినాక ఇంటికి తెచ్చుకుందాం. పెరట్లో తొట్టి కాడ పెట్టుకుంటా. దానికి నీళ్లు పోస్తా ఉంటా. అంతే నాకు."

ఆ మాట నాయనకు చెప్పి, దించేటప్పుడు నాకు ఫోన్ చేయమని అడిగాను. అడగడం కాదు, బతిమాలాను. "ఓ, దాందేముండాది" అన్నాడు ఆయన. అప్పటి నుంచి అటు వైపు పోయిన ప్రతిసారీ తల దించుకుని పోయాను. అమ్మ మాత్రం రోజంతా దాని కిందే తట్టలు మోసింది. అన్నం కూడా ఆ మూలనే కూర్చుని తినేదని ముఠాలో ఒకామె చెప్పింది. వానాకాలం అయ్యేసరికి సిమెంటు ముఖమంతా తుప్పు రంగే. కట్టడంలో మాత్రం ఒక్క అపశ్రుతి జరగలేదని, అంతా బొమ్మ మహిమేనని కరస్పాండెంట్ అందరికీ చెప్పుకున్నాడు.

హాస్టల్ ప్రారంభానికి ముందురోజు పొద్దున అమ్మ ఎవరి ఫోన్ నుంచో చేసింది. "మీ నాయన తాడు ఇప్పతా ఉండాడు. బిన్నా రా." చిత్తూరులో తెలిసినవాడి మినీ లారీ మాట్లాడుకుని, బొమ్మ కింద పరవడానికి షెడ్డులో ఉన్న గోనెసంచులన్నీ వేసుకుని పోయాను. దారంతా డ్రైవరును తొందరపెట్టాను.

దింపడం దండగ అనుకున్నారు. పై నుంచి తోసేశారు. దిష్టిబొమ్మను పదిలంగా ఎవరు దించుతారు? నేను దిగేసరికి ఒళ్లు ముక్కలు ముక్కలుగా పడి ఉంది, మెష్ పేగుల్లాగా బయటికొచ్చి. నాయన మెట్ల మీద కూర్చుని, చేతి ముక్కను ఒళ్లో పెట్టుకుని, సుత్తితో తాపీ పిడి చుట్టూ ఉన్న వేళ్లను ఒక్కొక్కటే కొడుతున్నాడు. గడ్డలు కట్టిన ఆ వేళ్లు ఊడి కింద పడుతున్నాయి. తాపీ బయటికొచ్చాక బకెట్లో కడిగాడు. మర్నాటి పూజకు తెచ్చిన పళ్లెంలో నుంచి పసుపు తీసి రాశాడు, బొట్టు పెట్టాడు, కళ్లకద్దుకున్నాడు.

"నువ్వు మనిషివేనా నాయనా?" అన్నాను.

"తాపీకి ఏం గాలేదు పాపా" అన్నాడు సంతోషంగా. "మీయమ్మ పూత గదా, గట్టిగా కొట్టకుండానే రాలిపాయ."

హాస్టల్ వరండాలో ఒక మూల ఇంకా గచ్చు వేయలేదు. గుంత నింపడానికి ముక్కలు కావాలి. ఆ పని ఎవరికి చెబుతారు? అమ్మ వస్తోంది. నెత్తిన తట్ట, తట్టలో సిమెంటు తలకాయ. అది పగల్లేదు, లోపల ఇటుకలు కూరాను కదా. తుప్పు పట్టిన జడ తట్ట అంచు మీది నుంచి జారి, అమ్మ వీపు మీద నడుం దాకా వేలాడుతోంది. కొంగు జారిపోయినా సర్దుకునే వీలు లేదు, రెండు చేతులతో తట్టను పట్టుకుంది.

నన్ను చూసి ఆగింది. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

"ఇంత బరువుగా ఎందుకు సేసినావు మే నన్ను?" అంది.

గుంత దగ్గరికి పోయి తట్ట వంచింది. తల దొర్లి, ముఖం కిందికి పెట్టి ఆగింది. అమ్మ కాలితో దాన్ని మూలకు జరిపి, మట్టి సర్దింది. ఖాళీ తట్టతో వెనక్కొచ్చి, మెట్ల దగ్గర పడి ఉన్న వేళ్లను, అరచేతిని, మోచేతి ముక్కలను దాన్లోకి ఎత్తింది. నేను లారీలో గోనెసంచులున్నాయి, ఇవైనా ఇంటికి తీసుకుపోదాం అన్నాను.

"ఏం జేసుకోను? తాపీ ల్యా" అంది.

తట్టను ఎత్తుకోబోయి, మోకాలి మీద ఆనించుకుని, ఆగిపోయింది. మెడ ఒకసారి అటూ ఇటూ తిప్పింది. తర్వాత నా వైపు చూసింది. జారిన కొంగును చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుంటుందేమో అనుకున్నాను. నా భుజం మీది చున్నీ లాగి, చుట్టగా చుట్టి, నా నెత్తిన పెట్టింది.

"ఇదొకటి నువ్వెత్తుకో. నాకు శాతగాలా."

వంగాను. అమ్మే తట్ట ఎత్తి నా తల మీద పెట్టింది.